చెడ్డకబురు చెప్పినవాళ్ళకి మొదటి టీ

మా మేనేజరు గారు పోయారు. ఉదయం షిఫ్టు మొదలవుతుండగా తాడేపల్లిగూడెం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. మేనేజరు గారు రిటైరయ్యాక నేనెప్పుడు ఫోన్ చేసినా ముందు అడిగేది ఒకటే: "హాల్లో అందరూ నోరు విప్పుతున్నారాండీ?"

ఆకివీడు దగ్గర రొయ్యల్ని ఒలిచి, గడ్డకట్టించి విదేశాలకు పంపే ఫ్యాక్టరీ మాది. నేను సూపర్‌వైజర్ని. టీకి వెళ్ళేముందు ఆవిడ హాలు మధ్యలో నిలబడి, "ఇవాళ ఏం తేడాగా ఉందండీ?" అని అడిగేవారు. ముందుగా చెడ్డకబురు చెప్పినవాళ్ళకే క్యాంటీన్లో మొదటి గ్లాసు. ఆవిడ మాత్రం అందరూ తాగాక, కిటికీ దగ్గర నిలబడి ఆఖరి గ్లాసు తాగేవారు.

టీ కోసం లేనిపోనివి పుట్టిస్తారేమోనండీ అన్నాన్నేను.

"పుట్టించనివ్వండి. దాచేదానికంటే నయమే కదా. భయపెడితే చేతులైతే ఆడతాయండీ, నోళ్ళు మాత్రం మూతపడతాయి."

మాట వెన్నలా ఉండేది గాని, పట్టు పట్టారంటే వదిలేవారు కాదు.

ఒకసారి విదేశీ బయ్యరు తరఫున ఇద్దరు వచ్చారు. కొత్త కాంట్రాక్టు ఇవ్వాలో వద్దో తేల్చేది వాళ్ళే. అది రాకపోతే ఒక షిఫ్టు ఎత్తేస్తామని హెడ్డాఫీసు ముందే చెప్పేసింది. ఈ ఒక్కరోజుకీ ఆ ప్రశ్న మానెయ్యండీ అని బతిమాలాను. వింటేగా! వాళ్ళ ఎదురుగానే అడిగారు.

రొయ్యలు ఒలిచే మరియమ్మ చెయ్యెత్తింది. "నా గ్లవ్ వేలికొస ఊడిపోయిందండీ. ముక్క కనబడట్లేదు. ఏ పెట్టెలో పడిందో ఏంటో."

మేనేజరు గారు లైను ఆపించి, లోడు చేసిన లారీని నిలిపేసి, పొద్దుటి పెట్టెలన్నీ విప్పించారు. చివరికి ఆ నీలం గ్లవ్ ముక్క దొరికింది. వచ్చినవాళ్ళలో ఒకాయన, తప్పెవరిదని అడిగాడు. ఇంగ్లీషులోనూ చివర 'అండీ' తగిలించే మా మేనేజరు గారు తొణక్కుండా చెప్పారు: "హాలు నాది, తప్పూ నాదేనండీ. పట్టుకున్నది మాత్రం ఈవిడ." ఆలస్యమైన ఆ టీలో మొదటి గ్లాసు మరియమ్మకే దక్కింది.

కాంట్రాక్టు వచ్చింది. తప్పులు ఏ ఫ్యాక్టరీలోనైనా జరుగుతాయనీ, అవి పైకి చెప్పేచోటే తమకు నమ్మకమనీ వాళ్ళు అన్నారట. ఇవాళ నేను హాలు నడపగలుగుతున్నానంటే ఆవిడ నేర్పిన ఆ ఒక్క ప్రశ్న వల్లే. ఆ మాట ఆవిడ ఉండగానే ఇంకొన్నిసార్లు చెప్పాల్సింది.

కబురు తెలిసిన రోజు టీ వేళ హాల్లో అందరికీ సంగతి చెప్పాను. అలవాటు ప్రకారం, "ఇవాళ ఏం తేడాగా ఉందండీ?" అని అడిగాను. మరియమ్మే చెయ్యెత్తింది.

"గ్లవ్స్‌తోనే కళ్ళు తుడుచుకున్నారండీ మీరు. మార్చుకోవాలి."

మార్చుకున్నాను. క్యాంటీన్లో మొదటి గ్లాసు తన చేతికిచ్చాను. మరియమ్మ తాగలేదు. తీసుకెళ్ళి మేనేజరు గారు నిలబడే ఆ కిటికీ గట్టుమీద పెట్టి వచ్చింది. అది చల్లారేదాకా మాలో ఎవరూ రెండో గ్లాసు అందుకోలేదు.