యాభై పుల్లలు

చికాగో స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో నా పక్కన కూర్చున్న చైనా పెద్దావిడ చేతులు టీ కప్పు పట్టుకోలేనంతగా వణుకుతున్నాయి. మూత పెట్టి ఇచ్చాను. అలా మాటలు కలిశాయి. అన్నయ్యకి నా కిడ్నీ ఇవ్వాలా వద్దా అని నెల రోజులుగా నలిగిపోతున్నాను. ఇంట్లో కూడా చెప్పని ఆ సంగతి ఆవిడకి చెప్పేశాను.

ఆవిడ సంచిలోంచి మూడు నాణేలు, ఒక పుల్లల కట్ట తీశారు. రెండూ తమవాళ్లు తరతరాలుగా శకునం చూసి సలహా అడిగే పద్ధతులేనట.

"నాణేలైతే టూ మినిట్స్. పుల్లలైతే హాఫ్ అవర్. ఏది కావాలి?" అని ఇంగ్లిష్‌లో అడిగారు.

ట్రైన్‌కి ఇంకా గంట ఉంది. పుల్లలే అన్నాను.

యాభైలో ఒక పుల్ల పక్కన పెట్టి, మిగతావి రెండుగా విడదీశారు. నాలుగు చొప్పున లెక్కపెట్టి, కలిపి, మళ్లీ విడదీశారు. ఆశ్చర్యం, ఆ చేతులు ఇప్పుడు వణకడం లేదు! చుట్టూ ఎనౌన్స్‌మెంట్లు, పిల్లల ఏడుపులు, ఏవీ ఆవిడని తాకడం లేదు. చివరిసారి లెక్క మొదలుపెట్టబోతుంటే ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ప్లీజ్, ఆపండి. ఇవ్వొద్దని వస్తుందేమోనని భయంగా ఉంది."

ఆవిడ నవ్వి పుల్లలు కింద పెట్టారు. "చివరిదాకా ఆగేవాళ్లు తక్కువ. తొందర ఉన్నవాళ్ల కోసమే నాణేలు."

అక్కడినుంచే ఫోన్ చేశాను. "అన్నయ్యా, కిడ్నీ నేనిస్తాను. డాక్టర్‌కి చెప్పేయ్."

అన్నయ్య "భోంచేశావా?" అని అడిగాడు.