ఒంటిపూట వ్రతానికి మూడుపూటల మందు

సుకుటీ బెహెరాకు కోపం పుట్టుకతోనే వచ్చింది. చిలికా సరస్సు ఒడ్డున కోపం లేని ఆడది చేపల త్రాసు పట్టి బతకలేదు గనక దాన్ని ఆవిడ దాచుకోనూ లేదు. ఏళ్ల తరబడి రొయ్యలు ఒలిచింది, మొగుణ్ణి సరస్సులో పోగొట్టుకుంది, ఆ తర్వాత ఏ కార్తీకంలోనూ విధవలు పట్టే హబిస వ్రతం తప్పలేదు. నెల్లాళ్లూ చేప ముట్టదు. పొద్దు వాలకముందు ఒక్కపూట పచ్చిబియ్యపు అన్నం, నెయ్యి పడ్డ పెసరపప్పు, ఉడికించిన కంద. ఉపవాసం పేరుతో ఇంత కమ్మటి భోజనం ఎన్ని దేశాలు తిరిగినా దొరకదు. అయితే ఒక్కపూటే.

ఈ ఏడాది ఆల్చిప్ప గీరుకుని ఆవిడ పాదం చీము పట్టి వాచింది. ఆసుపత్రిలో కుర్ర డాక్టరు పుండుకు యాంటీబయాటిక్, నొప్పికి పారాసెటమాల్ రాసి, "మూడుపూటలా తిన్నాక వేసుకో" అన్నాడు. తినేదే ఒకసారాయె! మూడుపూటల మాత్రలూ ఒక్క గుక్కలో మింగేసింది. మింగినప్పుడల్లా వాంతి. పాదం నల్లబడసాగింది.

"కాలు తీసేస్తామంటే ఏం చేస్తావత్తా?" కోడలు ఝునూ ఏడ్చింది.

"ముందు నీ నోరు తీయించుకో! వ్రతం మాత్రం మానను."

ఝునూ ఆవిణ్ణి రిక్షాలో కూలేసి ఆసుపత్రికి లాక్కుపోయింది. సంగతి విని డాక్టరు తల పట్టుకున్నాడు.

"అన్నీ ఒకేసారా మావుసీ? నొప్పి మాత్రలు అలా పోగేసి మింగితే కాలేయం పాడవుతుంది. పుండు మందేమో మిగతా రోజంతా ఒంట్లో ఉండదు."

"రెండు మందులు కడుపులో కొట్టుకుంటాయని పక్కింటిది చెప్పనే చెప్పింది."

"ఈ రెండూ కొట్టుకోవు, కలిపే వేసుకోవచ్చు. కానీ ఏ పూటది ఆ పూటకే. అన్నం లేకపోయినా ఫర్లేదు, నీళ్లు చాలు. నొప్పి తగ్గితే నొప్పి మాత్ర ఆపెయ్, పుండు మందు మాత్రం ఇచ్చినవన్నీ అయిపోవాలి. జ్వరమని కొట్లో ఇంకోటి కొనకు, అందులోనూ ఈ నొప్పి మందే ఉండొచ్చు."

సుకుటీ మొహం కందగడ్డయింది.

"నీళ్లు చాలా? నీళ్లకి నా వ్రతం చెడుతుందా? మరి తిన్నాక అని ఎందుకు అఘోరించావు? ఎన్నిసార్లు తింటావే ముసలీ అని ఒక్కమాట అడిగావా? కార్తీకంలో నీ బల్ల ముందు కూచునే విధవలందరం ఒంటిపూట వాళ్లమే. నీకు అమ్మమ్మ లేదూ?"

డాక్టరు చీము తీసి, కడిగి, కట్టు కట్టి, రేపు మళ్లీ రమ్మన్నాడు. కోడలి చేతిలోని నీళ్ల చెంబు లాక్కుని సుకుటీ అక్కడే ఆ పూట మాత్రలు మింగింది.

వెనకాలే ఇంకో తెల్లచీర ముసలమ్మ వచ్చి కూచుంది.

"రోజుకు ఎన్నిసార్లు తింటావు మావుసీ?" డాక్టరు గొంతు తగ్గించి అడిగాడు.

"ఇప్పుడొచ్చిందా బుద్ధి!" గుమ్మంలోంచి అరిచింది సుకుటీ. "నా కాలు నయం కాలేదో, కుంటుకుంటూ వచ్చైనా మళ్లీ తిడతా!"