కట్టు విప్పని రాజు

డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ముప్పై ఏళ్ళు కంటి డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఎన్ని శుక్లాలు తీశానో లెక్క పెట్టుకోలేదు. చూపొచ్చిన సంగతి బయటికి చెప్పొద్దని అడిగిన పేషెంటు మాత్రం ఒక్కరే.

ఆయన సెర్బియా నుంచి వచ్చి కార్ల ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దాయన. ఒక కన్ను అక్కడే దెబ్బ తగిలి ఎప్పుడో పోయింది. రెండో కంట్లో శుక్లం బాగా ముదిరాక కొడుకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. ఆపరేషన్ బాగా జరిగింది. పది రోజుల తర్వాత చెకప్‌కి వచ్చినప్పుడు గోడమీది అక్షరాలు దాదాపు అన్నీ చదివేశారు.

"మీ అబ్బాయిని లోపలికి పిలుస్తాను, సంతోషిస్తాడు," అన్నాను.

"వద్దు డాక్టర్. ఇంకా మసకగానే ఉందని చెప్పాను వాడికి."

ఆయన భార్య పోయినప్పుడు మాటామాటా పెరిగి తండ్రీకొడుకులు ఆరేళ్ళు మాట్లాడుకోలేదట. తండ్రికి చూపు ఆనడం లేదని ఎవరో చెబితే కొడుకు వచ్చాడు. అప్పట్నించి రోజూ ఆఫీసయ్యాక వచ్చి సూప్ వేడి చేసిపెట్టి, ఉత్తరాలు చదివి వినిపించి వెళ్తున్నాడు.

"కనబడుతోందంటే ఇంకెందుకొస్తాడు?" అన్నారాయన. "మా ఇంటి సెయింట్ కూడా చెప్పలేదు."

ఆ సెయింట్, అంటే వాళ్ళ ఇలవేల్పులాంటివాడు, ఏడువందల ఏళ్ళ కిందటి సెర్బియా రాజట. కుర్రతనంలో తండ్రి మీద తిరగబడితే తండ్రి ఎర్రగా కాలిన ఇనుముతో ఆయన కళ్ళు కాల్పించి దేశం నుంచి వెళ్ళగొట్టాడు. తర్వాత ఒక మహాత్ముడు కలలో కనబడి చూపు ప్రసాదించాడు. అయినా తండ్రి పోయేదాకా ఏళ్ళ తరబడి కళ్ళకి కట్టు అలాగే ఉంచుకున్నాడు. ఆ తర్వాతే అందరి ముందూ విప్పి సింహాసనం ఎక్కాడు. చివరికి సొంత కొడుకే ఖైదు చేస్తే చెరలోనే చనిపోయాడు.

కాల్చిన కళ్ళు మళ్ళీ రావని నా చదువు చెబుతుంది. ఆ ఇనుము పట్టుకున్నవాడెవడో జాలిపడి, కంటికి తగిలీ తగలకుండా పెట్టి ఉంటాడని నాకనిపించింది. ఆ మాట ఆయనతో అనలేదు.

"ఆ రాజు తండ్రికి భయపడి దాచాడు. మీరు కొడుక్కి భయపడుతున్నారు," అన్నాను. "మీ సంగతి మీరు వద్దన్నాక నేను చెప్పను. కానీ అతను నన్నే అడిగితే మాత్రం అబద్ధం ఆడలేను."

ఆయన నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నారు. హాల్లో కూర్చున్న కొడుకు లేచి ఆయన మోచెయ్యి పట్టుకున్నాడు. మెట్టు ఉందని హెచ్చరిస్తూ, జాగ్రత్తగా నడిపించుకుని వెళ్ళాడు. నాకు ఆ పూట ఇంకో పేషెంటు మీద మనసు నిలవలేదు.

నెల దాటాక ఆయనే ఫోన్ చేశారు. కొడుక్కి చెప్పేశారట. చర్చి నుంచి వస్తుంటే కొడుకు కారు పక్కకి ఆపి, దిగి, చాలాసేపు రోడ్డువారన నిలబడ్డాడట. ఇంటి దగ్గర దింపి వెళ్ళినవాడు మూడు వారాలైనా రాలేదట. "అయినా మా సెయింట్ పండగ వస్తోంది. మీరు రండి," అన్నారు.

నవంబరులో వెళ్ళాను. తలుపు తీసింది కొడుకే.

"మీకు ముందే తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసు. అది మీ నాన్నగారు చెప్పాల్సిన మాట."

అతను చెయ్యి చాపి నా కోటు అందుకున్నాడు. ఉడికించిన గోధుమల్లో పంచదారా వాల్‌నట్ పొడీ కలిపిన గిన్నె తెచ్చి, వచ్చినవాళ్ళందరూ ముందు ఒక చెంచా తినాలని చెప్పాడు. మన ప్రసాదంలాగే ఉంది. గోడమీద పటంలో కిరీటం పెట్టుకున్న రాజు, ముందు వెలుగుతున్న కొవ్వొత్తి. తండ్రీకొడుకులు ఎక్కువేం మాట్లాడుకోలేదు. కానీ పండగ రొట్టె ఇద్దరూ కలిసి పట్టుకుని విరిచారు.

కొడుకు వంటింట్లోకి వెళ్ళినప్పుడు పెద్దాయన నా వైపు వంగారు.

"కట్టు విప్పిన రోజే చూశాను డాక్టర్. వాడి తల నెరిసిపోయింది. ఎప్పుడు నెరిసిందిరా అని అడగడానికి లేకపోయింది. ఇవాళ పొద్దున అడిగాను."