అరగని ఇత్తడి

ఆయుధపూజ రోజు లోకమంతా పనిముట్లు కడిగి కుంకుమ పెడుతుంది. జయరాం శెట్టి మిల్లులో ముందు తూకం, ఆ తర్వాతే కుంకుమ. సుత్తి, పానా, గొలుసు ఒక్కొక్కటీ కాటా ఎక్కాలి. పోయిన ఏటి తూకంతో సరిపోతేనే దానికి బొట్టు. శెట్టి పత్తి వ్యాపారి. ఆదోనిలో పత్తి కొనీ అమ్మీ ఆయన కళ్ళు ఎప్పుడో కాటా పళ్ళేలుగా మారిపోయాయి. తూగనిది ఆయన లెక్కలో ఈ భూమ్మీద లేనే లేదు.

ఆ మిల్లులో ఉచ్చీరప్ప ఫిట్టరు. హొళగుంద దగ్గర రాళ్ళ చేను వదిలి, పెళ్ళాం దేవక్కను వెంటబెట్టుకుని వచ్చినవాడు. ఏ యంత్రం ఎక్కడ మూలుగుతుందో వింటూనే చెప్పగలడు. అయ్యగారి ముందు నోరు విప్పడం ఒక్కటే చేతకాదు.

మార్కెట్ యార్డూ దాని చుట్టుపక్కల వీధులూ ఊడ్చిన చెత్త ఎత్తే కాంట్రాక్టు కూడా శెట్టిదే. అందుకోసం యుద్ధం అయ్యాక వేలంలో ఒక పాత మిలిటరీ లారీ కొన్నాడు. దాని వెనక ఇనుప తొట్టి ఒక ఉక్కు కడ్డీ మీద తిరిగి చెత్తను కిందికి దించుతుంది. ఆ కడ్డీ రెండు కొసలూ రెండు ఇత్తడి బుష్షుల్లో తిరుగుతాయి. బుష్షంటే వేలెడు పొడవున్న గొట్టం, అంతే. పొయ్యి బూడిద, ఇసుక, మురుగునీళ్ళు ఆ సందులోకి దిగుతాయి. అరిగితే మెత్తని ఇత్తడి అరగాలి గానీ కడ్డీ అరగకూడదు. ఇత్తడిని అక్కడ పెట్టిందే అందుకు. ఈ మాట బండి తోలేవాడికి చెప్పినా అర్థమవుతుంది. శెట్టికి చెప్పినవాడు లేడు.

యాభైమూడు పూజకు ఉచ్చీరప్ప, అంతకు ముందు ఏడు మద్రాసు నుంచి కొత్తగా తెప్పించిన బుష్షులు విప్పి, కిరసనాయిలుతో కడిగి కాటా మీద పెట్టాడు. గుమాస్తా గురురాజ పాత తూకం చదివాడు.

"తొమ్మిది తులాలు తగ్గిండాది" అన్నాడు శెట్టి. "యాడికి పోయిందప్పా?"

"అరిగింది సామీ."

"అరిగింది యాడ పడిండాది? తెచ్చి సూపించు."

కూలీలు నవ్వారు. అయ్యగారు హాస్యమాడారని వాళ్ళ అభిప్రాయం. శెట్టి హాస్యమాడలేదు.

"ఆకురాయి నీ సేతిలోనే ఉండాది. ఇత్తడి పొడి కొనేవాళ్ళు ఊర్లో ఉండారు. వచ్చే ఏడు ఇదే తూకం రాకుంటే పనిలోనుంచి తీసేస్తా. ఇత్తడి దొంగని అన్ని మిల్లులకూ సెప్పి పంపుతా."

ఆ మాట ఒకసారి తిరిగితే ఆదోనిలో ఉచ్చీరప్పను ఏ మిల్లూ గడప తొక్కనివ్వదు. మళ్ళీ ఆ రాళ్ళ చేనే గతి.

తర్వాత అతను ఏం చేశాడో నాకు మూడో ఏట తెలిసింది. నేనప్పుడు అక్కడ పత్తి బేళ్ళకు నంబర్లు వేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం అతను లారీ కింద దూరి బుష్షు ఉండాల్సిన చోట నల్లటిదేదో కొట్టి బిగిస్తున్నాడు.

"ఇది కట్టె కదన్నా" అన్నాను.

"తుమ్మ చేవప్పా. ఆముదంలో ఉడకబెట్టినా. రెండు నెల్లు వస్తాది. మళ్ళా చెక్కుకుంటా."

"మరి ఇత్తడి?"

"ఇంట్లో ఉండాది. మా దేవక్క చింతపండుతో తోమి చీర మడతలో పెట్టింది. పండగ ముందు రోజు నల్ల గ్రీసు పూసి తెస్తా."

నేను వంగి చూశాను. కడ్డీ మీద గీత లేదు. ఇత్తడి ఉన్న రోజుల్లో ఆ తొట్టి లేస్తుంటే బజారంతా చెవులు మూసుకునేది. ఇప్పుడు చప్పుడు లేకుండా లేస్తోంది. మద్రాసు నుంచి వచ్చిన ఇత్తడిని మించింది చేసి, దొంగసొత్తులా దాస్తున్నాడు.

"శెట్టికి చెప్పన్నా. ఇదే మేలని."

"చెప్తే కట్టెను తూకమేస్తాడప్పా" అన్నాడు.

యాభైఆరు ఆయుధపూజకు ఇత్తడి మళ్ళీ కాటా ఎక్కింది. ముల్లు కదలలేదు. శెట్టి బుష్షును పైకెత్తి అందరికీ చూపించాడు.

"మూడేండ్లయినా గురిగింజ ఎత్తు తగ్గలేదు. బయం ఉంటే ఇత్తడి కూడా అరగదు."

ఉచ్చీరప్ప పని అక్కడికక్కడే ఖాయమైంది. అతను శెట్టి కాళ్ళు పట్టుకున్నాడు. తన తెలివిని కాళ్ళ కింద పెట్టి, పైగా దణ్ణం పెట్టినవాణ్ణి నేను అప్పుడే చూశాను.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఎమ్మిగనూరులో శెట్టికి ఇంకో మిల్లు, ఇంకో చెత్త లారీ ఉన్నాయి. అక్కడి బుష్షులు అరుగుతున్నాయని గురురాజ గుర్తు చేశాడు.

"ఈ ఇత్తడే ఆడికి పంపు. ఇది జాతి ఇత్తడి. ఈడికి కొత్తవి తెప్పించు" అన్నాడు శెట్టి.

బిగించడానికి ఉచ్చీరప్పనే పంపారు. తోడుగా నేనూ బస్సెక్కాను. ఎమ్మిగనూరు ఫిట్టరు దేవేంద్రప్ప నలుగురు పిల్లల తండ్రి. ఆ బుష్షులను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్తవాటి మాదిరి ఉండాయే. ఏం మందేసినావన్నా? మాకూ చెప్పరాదా?"

ఉచ్చీరప్ప పానా తిప్పుతూనే ఉన్నాడు. "బాగా తుడుస్తా ఉండు, అంతే" అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అడిగాను, "ఆ కట్టె సంగతి ఆయనకన్నా చెప్పొచ్చు కదా?"

"ఆ మాట ఆయప్ప నోట్లో నిలవకపోతే? నా పని నిన్ననే ఖాయమైందప్పా."

తర్వాతి ఏడు ఎమ్మిగనూరు బుష్షులను పూజకు దేవేంద్రప్ప చేతనే ఆదోనికి తెప్పించారు. పదకొండు తులాలు తగ్గాయి. దేవేంద్రప్ప అరిగిందన్నాడు.

"మూడేండ్లు అరగని ఇత్తడి నీ సేతికి రాంగానే అరిగిందా?" అన్నాడు శెట్టి.

ఆ ప్రశ్నకు జవాబు తెలిసినవాడు నాలుగడుగుల దూరంలో, తన కొత్త బుష్షులను పళ్ళెంలో పెట్టుకుని వంతు కోసం నిలబడ్డాడు. దేవేంద్రప్ప అతనివైపు చూశాడు. అతను పళ్ళెంలోకి చూశాడు. దేవేంద్రప్పను అక్కడినుంచే పంపేశారు. సాయంత్రానికి ఇత్తడి దొంగ అనే పేరు అతనికంటే ముందు ఎమ్మిగనూరు చేరింది.

తర్వాత ఉచ్చీరప్ప కాటా దగ్గరికి వెళ్ళాడు. తూకం సరిపోయింది. ఇత్తడికి బొట్టు పెట్టారు, అతనికీ పెట్టారు. ఒక్కమాటతో ఆ పూజను ఆపగలిగినవాళ్ళం ఆ మిల్లులో ఇద్దరం ఉన్నాం. గురురాజ బొరుగులు పంచుతూ వచ్చాడు. ఉచ్చీరప్ప తువ్వాలు పట్టాడు. నేను దోసిలి పట్టాను.