పిన్ని వంటింటి లేతు

నాకు మనుషుల్ని పొగడడం చేతకాదు. ముల్లే అనే ఇనప కొట్ల సందులో ఉక్కు చెక్కే మిల్లింగ్ మిషను పెట్టుకుని బతికేవాడికి ఆ విద్యతో పనిలేదు కూడా. ఇక్కడ పని బాగుంటే "ఊఁ" అంటారు, చెడితే ఏడు తరాల్నీ తిడతారు. అలాంటి నేను కూడా బున్నే పిన్ని సంగతి తలుచుకుంటే నోరు తెరుచుకుని ఉండిపోతాను.

పిన్నిది సందు మధ్యలో పూటకూళ్ల కొట్టు. సోయా ముద్ద పులుసు, కిమ్చీ ఊరగాయ, వేయించిన చేపపిల్లలు, అన్నం. మధ్యాహ్నమయ్యేసరికి కొట్టు కొట్టుకీ తనే తెచ్చి పెడుతుంది. ఆమెకంటే పెద్దవాళ్లు కూడా ఆమెను పిన్ని అనే పిలుస్తారు. లేతు మీద, అంటే ఉక్కును తిప్పుతూ కోసే మిషను మీద, కోత నడుస్తుంటే మాత్రం ఆమె గడప దాటదు. పళ్లెం పట్టుకుని బయటే నిలబడి చప్పుడు వింటుంది, కోత అయ్యాకే లోపలికొస్తుంది. సాయంత్రం మెట్టు మీద కూర్చుని చెప్పుల అడుగున గుచ్చుకున్న ఇనప పొట్టును పీకుతూ ఒక్కొక్కరికీ దీవెనలు పెడుతుంది.

"ఇది చూడు, ముల్లులా ఎలా ఉందో! ఆ చివరి కొట్టు వెధవ మొద్దు టూలుతో గీకాడు. ఇదిగో, ఇది మన ప్యో మేస్త్రిది. జిలేబీలా చుట్టుకుంది. ఆయన గదంతా తిరిగినా కాలికి ఒక్కటి గుచ్చుకోదు."

మేం నవ్వేవాళ్లం. వంటమనిషి వాగుడు అనుకునేవాళ్లం.

ప్యో మేస్త్రి మా సందులో లేతు పని చేసే పెద్ద టర్నరు. పెళ్లాం పిల్లలు లేరు, నోట్లో మంచి మాట లేదు. పిన్ని వయసులో ఉన్నప్పుడు పళ్లేలు నెత్తిన పెట్టుకుని మోసేది. ఒక చలికాలం ఆయన గుమ్మం ముందే మంచు మీద జారిపడింది, కాగే పులుసు మీద పడి మోచెయ్యి కాలింది. ఆ వారంలోనే మేస్త్రి చక్రాల బండి ఒకటి చేసి తెచ్చి ఆమె కొట్టు ముందు పడేశాడు. "ఇక నెత్తిన మోశావంటే నీ అన్నం ముట్టను" అన్నాడట. పులుసు చుక్క ఒలక్కుండా ఆ బండి ఇన్నేళ్లూ నడిచింది.

తర్వాత ఆయన చేతులు వణకడం మొదలైంది. వయసుతో వచ్చింది, తగ్గదు అన్నాడు డాక్టరు. ఒక రోజు మేస్త్రి తన లేతును తుడిచి, నూనె రాసి, అమ్మేశాడు. సాన మిషను నాకిచ్చాడు. పొద్దున్నే వచ్చి పిన్ని కొట్టులో మూల బల్ల దగ్గర గోడ కేసి కూర్చునేవాడు. మాట లేదు. చెంచా ఎత్తితే చెయ్యి వణికి పులుసు ఒలికేది. నలుగురూ చూస్తారని సగం గిన్నె వదిలేసేవాడు, తర్వాత అదీ మానేశాడు. మెడ మీద నరాలు లెక్కపెట్టచ్చు అన్నట్టయ్యాడు.

"గిల్‌దూ, ఈ మనిషి ఈ చలికాలం దాటడురా" అంది పిన్ని నాతో, గిన్నెలు కడుగుతూ. "ముసలితనం ఎవర్నీ చంపదు. ఇక నాతో ఎవరికీ పనిలేదు అనుకున్నవాడే పోతాడు."

అప్పుడే బండి కుడి చక్రం ఊగడం మొదలైంది. దాని పొట్టి ఇరుసు అరిగిపోయింది. "ఎడమదీ అరుగుతోంది, రెండూ చేయించేస్తాను పిన్నీ, పూటలో పని" అన్నాను.

"నోర్మూసుకుని తిను" అంది.

వారం తిరక్కుండా ఆమె ఒక లేతు కొంది! కుట్టు మిషనంత ఉంటుంది, ఇళ్లల్లో సరదాకి తిప్పుకునే రకం. వంటింటి వెనక, కిమ్చీ జాడీల పక్కన పెట్టించింది. సందంతా పగలబడి నవ్వింది. "పిన్నీ, దాని మీద ముల్లంగి తరుగుతావా?" అని ఒకడు, "మా పొట్టకొడతావా తల్లీ" అని ఇంకొకడు. కొత్త మిషను వస్తే పంది తలకాయ పెట్టి మొక్కడం మాకు మామూలే గనక అదీ చేసింది. తలకాయ పక్కన లేతు చిన్నబోయింది. మొక్కాక బియ్యపు కల్లు నేల మీద చల్లాలి. పిన్ని తిన్నగా లేతు పట్టాల మీద పోసింది, తడి తగిలితే తుప్పు పట్టే చోట.

మేమంతా "అయ్యో" అనేలోపు మూలలో కుర్చీ కిర్రుమంది. ప్యో మేస్త్రి లేచి వచ్చి, తన చొక్కా చేత్తో పట్టాలన్నీ తడి లేకుండా తుడిచి, మళ్లీ వెళ్లి గోడ కేసి కూర్చున్నాడు.

మర్నాడు నన్ను సంచీ మొయ్యడానికి పనిముట్ల బజారుకు తీసుకెళ్లింది. కొట్టతను చో మంచివాడే, కాస్త నవ్వాపుకున్నాడు.

"ఎవరి లేతుకి పిన్నిగారూ?"

"నాదే. ఏం, ఆడది కొంటే టూలు అలుగుతుందా?"

అతను బల్ల మీద అన్నీ పరిచాడు. ఒక మూల వేలెడంత చదరపు కడ్డీ ఉంది. హైస్పీడ్ స్టీలు. దానికి ముక్కూ మొహం ఉండవు, మనమే సానపట్టి పదును తెచ్చుకోవాలి. పిన్ని చెయ్యి ముందు దాని మీదికే వెళ్లింది. బొటనవేలు అంచు వెంట పోనిచ్చింది, గోటితో టింగుమని కొట్టి విన్నది. విని, నెమ్మదిగా పక్కన పెట్టేసింది. ఎర్రా నీలం రంగులేసిన రెడీమేడ్ టూళ్ల పెట్టె ఎత్తుకుంది. వాటి కొసన కార్బైడు అనే మహా గట్టి ముక్కలు అతికించి ఉంటాయి.

"ఇవి ఇచ్చెయ్. రంగులు బావున్నాయి."

"పిన్నీ, నువ్వు కొనేది గాజులు కాదు" అన్నాను, సిగ్గుతో చస్తూ.

"నువ్వు సంచీ పట్టుకో."

కొట్టుకొచ్చి పెట్టె తీసి కిమ్చీ గిన్నెల మధ్య మేస్త్రి ముందు పెట్టింది. ఆయన చూడలేదు. "సరే, నేనే చూసుకుంటా" అని ఒకటి బిగించి, ఉక్కు కడ్డీ పెట్టి మిషను ఆన్ చేసింది. ఆ కీచుమన్న గోలకు నా పళ్లు జివ్వుమన్నాయి. లేతంతా గజగజలాడి, కార్బైడు కొస ఠాప్‌మని ఎగిరిపోయింది.

"ఆపు! ఆపవే తల్లీ!"

ఎన్ని నెలలకు విన్నామో ఆ గొంతు! మేస్త్రి వంటింటి గుమ్మంలో నిలబడి ఊగిపోతున్నాడు. "ఎవడు అంటగట్టాడు నీకిది? ఈ బొమ్మ మిషనుకి కార్బైడా? దానికి వేగం కావాలి, దిట్టంగా కదలకుండా నిలబడే మిషను కావాలి. గట్టిదే, కాదనను. కింద మిషను వణికితే మాత్రం గాజులా పగిలిపోతుంది!"

వణికితే అన్న మాట దగ్గర ఆయనే ఆగిపోయాడు. చేతులు వెనక్కి దాచుకున్నాడు. నేను ఎటు చూడాలో తెలీక జాడీల కేసి చూశాను.

పిన్ని మాత్రం తిన్నగా ఆయన మొహంలోకే చూసింది. "మరి వణికేదానికి ఏం పెడతారు మేస్త్రిగారూ?"

ఆయన చూపు విరిగిన టూలు మీదికి పోయింది. "పదునుది" అన్నాడు చివరికి. "అంత గట్టిది కాకపోయినా ఫరవాలేదు. బాగా పదునుండాలి. కొంచెం కొంచెమే తియ్యాలి."

అంత చెప్పినా మర్నాడు ఏం తెచ్చిందనుకున్నారు? కొస మార్చుకునే రకం టూలు, పెద్ద లేతులకు వాడే లావుపాటి ఇనప కాడతో సహా. దాన్ని బిగించడానికి ఆ చిన్న మిషనులో చోటే లేదు. మేస్త్రి అరుపులకు సందులో మిషన్లు ఆగాయి. "ఏనుగు దంతం తెచ్చి కుక్కపిల్లకి పెడతావా? ముప్ఫై ఏళ్లు మా గుమ్మాల్లో నిలబడి ఏం చూశావే?" అని తిడుతూనే ఉన్నాడు. తిట్టే ధ్యాసలో చెంచా దాచుకోవడం మర్చిపోయాడు. పులుసు బల్ల మీద ఒలికింది, గిన్నెలోది సగం కడుపులోకీ పోయింది. పొయ్యి కేసి తిరిగిన పిన్ని భుజాలు కదిలాయి. ఏడుస్తోందా నవ్వుతోందా అన్నది నాకు తెలియలేదు.

"గిల్‌దూ, నువ్వెళ్లు. దీనికి చేతకాదు" అన్నాడు మేస్త్రి. "హైస్పీడు కడ్డీ. ఆకారం లేనిది. అది తీసుకురా."

నేను వెళ్లి చో దగ్గర తెచ్చాను. కడ్డీ పిన్ని చేతిలో పెట్టగానే ఆమె బొటనవేలు అంచు వెంట పోయింది. అప్పుడు గుర్తొచ్చింది నాకు. మొదటి రోజు ముట్టుకుని వదిలేసింది దీన్నే. అలా నిలబడిపోయాను. గీకిన పొట్టును చూసి టూలు గుణం చెప్పే మనిషి, రంగులు చూసి కొంటుందా! నా బుర్రలో మట్టి తప్ప ఏముంది?

సాన పట్టడానికి ఇద్దరూ నా కొట్టుకొచ్చారు. మేస్త్రి తన పాత సాన మిషను ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మొదట పక్క. కాస్త కిందికి వాల్చు, లేకపోతే టూలు ఒళ్లు ఉక్కుకి రాసుకుంటుంది. నొక్కకు. వేడెక్కితే నీళ్లలో ముంచు. అబ్బా, అలా కాదు..."

మాటల్తో కాక చివరికి చెయ్యి చాచి ఆమె మణికట్టు పట్టుకున్నాడు. నేను ముందుకు దూకబోయాను. తిరిగే రాయి దగ్గర వణికే చెయ్యి! కానీ ఆ చెయ్యి వణకలేదు. నా కళ్లతో చూశాను. ఏళ్ల తరబడి నిండు పళ్లేలు మోసిన మణికట్టు అది. దాని మీద వాలాక ఆయన చెయ్యి కూడా నిమ్మళించింది. నిప్పురవ్వలు ఒకే తీరున కిందికి రాలాయి.

మర్నాడు వంటింట్లో కుడి చక్రం ఇరుసు కోత. టూలు కొస కోయబోయే ఉక్కు కడ్డీ నడుమకు సమానంగా ఉండాలి. మేస్త్రి తన చాప్‌స్టిక్కునే, తినే ఆ బల్లపరుపు ఇనప పుల్లనే, కొసకీ కడ్డీకీ మధ్య నొక్కమన్నాడు. అది వాలిపోయింది. "కిందుంది. ఎత్తు." పిన్ని ట్యూనా చేప డబ్బా రేకు కత్తిరించి టూలు కింద పెట్టింది. చాప్‌స్టిక్కు నిటారుగా నిలబడింది.

మేస్త్రి కళ్లు మూసుకున్నాడు. పిన్ని మిషను ఆన్ చేసి లేతు చేతిచక్రం తిప్పింది. ఉక్కు సన్నగా బుసకొట్టింది, చుట్టలు చుట్టలుగా పొట్టు ఊడి వచ్చింది, వెండిలా, ఒకదాని వెంట ఒకటి. కింద ఉక్కు అద్దంలా తేలింది. సందులో మగవాళ్లంతా గుమ్మంలో గుమిగూడారు. వేళ దాటిపోతున్నా అన్నం అడిగినవాడు లేడు. ఎవడూ గడప దాటలేదు. కోత అయ్యేవరకూ అందరం బయటే నిలబడి విన్నాం.

మేస్త్రి ఇరుసు మీద గోరు గీచి చూశాడు. "ఊఁ" అన్నాడు.

చక్రం ఎక్కించాం. ఊపు లేదు. ఆయన మూల బల్ల దగ్గరికెళ్లి, ఈసారి గోడ కేసి కాకుండా మా కేసి తిరిగి కూర్చున్నాడు. అందరి ముందూ చెంచా ఎత్తాడు. వణికింది, ఒలికింది, తిన్నాడు.

నేను వంటింట్లోకి వెళ్లి గుసగుసగా అడిగాను. "పిన్నీ, ఆ కడ్డీ మొదటి రోజే ముట్టుకున్నావు కదా? ఎందుకు వదిలేశావు?"

"మెల్లగా, వెధవా" అని నెత్తిన మొట్టింది. "సరైనది నేనే తెచ్చేస్తే ఆయనకింకేం పని మిగుల్తుంది?"

"వినపడుతోంది" అన్నాడు మేస్త్రి బల్ల దగ్గర్నించి, తల ఎత్తకుండా. "వణికేవి చేతులు, చెవులు కావు. పట్టాల మీద కల్లు పోసినప్పుడే తెలుసు నాకు. ఈ సందులో అన్నం వండేది అలాంటి తప్పు చేస్తుందా?"

పిన్ని చేతిలో గరిటె ఆగిపోయింది.

ఆయన ఖాళీ గిన్నె ముందుకు తోశాడు. "ఇంకొంచెం పెట్టు. రేపు ఎడమ చక్రం. ఈసారి ఏ చెత్త కొనుక్కొస్తావో చూస్తాను."