మాస్టారు తీసేయమన్న పేరు

మాస్టారు పోయారని ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసేటప్పటికి నేను క్యారీ ఊళ్ళో మా ఆఫీస్ పార్కింగ్ లాట్‌లో కారు ఆపుతున్నాను. "పొద్దున్న భూతద్దం పెట్టుకుని పేపర్ చదువుతూ చదువుతూ అలాగే ఒరిగిపోయారు నాయనా. ఏదో వార్త మీద మండిపడుతున్నారు అప్పటికి," అన్నారావిడ. ఏడుపులోనే నాకు నవ్వొచ్చింది. ప్రశాంతంగా కన్నుమూశారని చెప్పి ఉంటే నమ్మేవాణ్ణి కాదు.

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. న్యూజెర్సీలో, పిస్కాటవే యూనివర్సిటీలో ముప్పై ఏళ్ళు జపాన్ ఆధునిక చరిత్ర చెప్పిన గుంటూరు మనిషి. గుంటూరు వాడికి జపాన్ గొడవ ఎందుకండీ అని మన తెలుగువాళ్ళ పార్టీల్లో అడగనివాళ్ళు లేరు. నేనూ అడిగాను. 2004లో కంప్యూటర్ సైన్స్‌లో ఎమ్మెస్ చేయడానికి వచ్చి, మా డిపార్ట్‌మెంట్‌లో పని దొరక్క, చూపు మందగించిన ఆయనకి నోట్సు టైప్ చేసే ఉద్యోగంలో చేరాను. మొదటి రోజే నోరు జారాను. "అబద్ధం ఏ ఊళ్ళో ఆడితేనేం, అబద్ధమే కదయ్యా!" అన్నారు.

క్లాసులో ఆయన పద్ధతి వేరు. బోర్డు ముందు ఐదు కుర్చీలు వేయించేవారు. ఒకటి మంత్రిది, ఒకటి సైన్యాధికారిది, ఇంకోటి పత్రికా సంపాదకుడిది, తర్వాత ఫ్యాక్టరీ యజమానిది, చివర రైతుది. పిల్లల్ని వాటిలో కూర్చోబెట్టి ప్రశ్నలు వేసేవారు. మంచూరియాలో రైలు పట్టాల దగ్గర బాంబు పేల్చింది జపాన్ సైన్యాధికారులే. నేరం చైనా వాళ్ళ మీదకి తోసి ఆ వంకతో దండెత్తారు. ఆ తర్వాత మంత్రివర్గం అడ్డుకోలేదు, ఖర్చు మంజూరు చేసింది. పత్రికలు చప్పట్లు కొట్టాయి. ఇదంతా చెప్పి, మంత్రి కుర్చీలో ఉన్న పిల్లవాణ్ణి అడిగేవారు: "నీ ముందుకి కాగితం వచ్చింది. నువ్వేం చేశావ్?" వాడు "పరిస్థితి అలాంటిది సార్" అన్నాడా, అయిపోయినట్టే! "పరిస్థితికి చేతులుండవు. లేవకు, ఆలోచించి చెప్పు," అనేవారు. గంట కొట్టినా లేవనిచ్చేవారు కాదు. డీన్‌కి కంప్లయింట్లు కూడా వెళ్ళాయి.

నన్నూ వదల్లేదు. ఇంట్లో డైనింగ్ టేబుల్ దగ్గర ఒకసారి మంత్రిని చేశారు. "సార్, నేను వట్టి టైపిస్టుని," అన్నాను. "యుద్ధం అయ్యాక విచారణలో పెద్ద పెద్దవాళ్ళంతా చెప్పింది అదేనయ్యా," అన్నారు. ఆంటీ పెసరట్టు నా ప్లేట్‌లో వేస్తూ, "ముందు వాణ్ణి తిననివ్వండి, తర్వాత ఉరి తీద్దురుగాని," అన్నారు.

పార్టీల్లో మన అంకుల్స్‌కి ఒక మాట ఊతపదం. "జపాన్ వాళ్ళ డిసిప్లిన్ చూడండి సార్, మనకెక్కడిది?" మాస్టారి ముఖం ఎర్రబడేది. "యుద్ధమప్పుడు ఎదురు మాట్లాడినవాళ్ళని జైల్లో వేశారండీ. మిగిలినవాళ్ళ భయాన్ని పట్టుకుని మీరు డిసిప్లిన్ అంటున్నారు," అనేవారు. తర్వాత ఆయన్ని పిలవడం తగ్గించారు. ఆంటీకి పులిహోర చేసే పని తప్పిందని ఆయన సంతోషించారు.

క్యారీలో ఉద్యోగం వచ్చి, టీమ్ లీడ్ అయ్యాక ఒకసారి ఫోన్‌లో చెప్పాను, ప్రాజెక్ట్ పోయి నలుగురి ఉద్యోగాలు పోయాయని. అందులో ఇద్దరు హెచ్-వన్‌ వీసా వాళ్ళు, ఇంటికి తిరిగిపోవాల్సిందే. "పేర్లు ఎవరిచ్చారు?" అన్నారు. కంపెనీ, మార్కెట్, బడ్జెట్ అంటూ ఏవేవో చెప్పాను. ఆయన మళ్ళీ అదే అడిగారు. నేనే ఇచ్చానని చెప్పడానికి నాకు చాలాసేపు పట్టింది. తిట్టలేదు. "వాళ్ళకి నువ్వే ఫోన్ చేసి చెప్పు," అన్నారు. చేశాను. ఒకతను నా మాట వినకుండానే పెట్టేశాడు. మాస్టారి రుణం ఇంతని చెప్పలేను గానీ, ఆ రోజు నా ముఖం నేను చూసుకునేలా చేసింది ఆయనే.

ఇక ఇది చెప్పకుండా ఉండలేను. హైస్కూల్ పిల్లల పాఠ్యపుస్తకానికి జపాన్ మీద ఒక అధ్యాయం రాయమని ఒక పబ్లిషర్ ఆయన్ని అడిగారు. ఏడాది రాశారు. నేను వీకెండ్స్‌లో టైప్ చేసి పంపేవాణ్ణి. ప్రూఫ్ వచ్చింది. మంత్రివర్గం మంజూరు చేసిందన్న చోట, "పరిస్థితులు జపాన్‌ని యుద్ధంలోకి నెట్టాయి" అని ఉంది. పత్రికల చప్పట్లూ లేవు, జైళ్ళూ లేవు. పిల్లలకి సింపుల్‌గా ఉండాలట! మాస్టారు పాత వాక్యాలు తిరిగి పెట్టమన్నారు. కుదరదన్నారు. "అయితే నా పేరు తీసేయండి," అని ఫోన్‌లో ఉత్తరం చెప్పారు, నేను టైప్ చేశాను, నా చేత్తోనే పోస్ట్ చేశాను. తీసేస్తామని జవాబూ వచ్చింది.

ఆయన పోయిన నెలకి న్యూజెర్సీలో సంతాపసభ పెట్టారు. పబ్లిషర్ ఆ పాఠ్యపుస్తకం ముప్పై కాపీలు కానుకగా పంపారు. మొదటి పేజీలో మాస్టారి పేరు, పెద్ద అక్షరాల్లో. లోపల అదే వాక్యం. మనిషి ఉన్నంతకాలం వద్దన్న పేరు, నోరెత్తే వీలు లేదని తెలిశాక అచ్చేశారు! నా ఒళ్ళు మండిపోయింది. అక్కడి నుంచే పబ్లిషర్‌కి ఫోన్ చేశాను. ఒకావిడ ఎంతో తియ్యగా, అది ఆయనకి మేమిచ్చే గౌరవం అంది.

"ఎవరు డిసైడ్ చేశారు?" అన్నాను.

"టీమ్ అంతా కలిసి."

"టీమ్‌లో ఎవరు?"

"అలా ఒక్కరని చెప్పలేమండీ."

ఫోన్ పెట్టేసి ఆంటీకి చెప్పాను. ఆవిడ పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని ఆ వాక్యం రెండుసార్లు చదివారు. తర్వాత హ్యాండ్‌బ్యాగ్‌లోంచి నల్ల మార్కర్ తీసి, మొదటి పేజీలో భర్త పేరు మీద ఈ చివరి నుంచి ఆ చివరిదాకా గీత కొట్టారు. రెండో కాపీ అందుకున్నారు.

తెలుగు అసోసియేషన్ పెద్దాయన ఒకరు దగ్గరికొచ్చి, "ఇప్పుడెందుకమ్మా ఇవన్నీ? ఆయన ఆత్మకి శాంతి కావాలి కదా," అన్నారు.

"శాంతి సంగతి ఆయన చూసుకుంటారు. పేరు సంగతి నేను చూడాలి," అన్నారు ఆంటీ, తల ఎత్తకుండానే.

నేను పక్కన నిలబడి ఒక్కో పుస్తకం తెరిచి అందించాను. ముప్పై కాపీలూ అయ్యాయి. అలవాటుగా మూసెయ్యబోతే ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపారు. సిరా తడి ఆరేదాకా ముప్పై పుస్తకాలూ టేబుల్ మీద అలా తెరిచే ఉన్నాయి.