నంబరు చూసి ఎక్కిన నీలం బండి

నిన్న మెకానిక్ నా మోటార్‌సైకిల్ ట్యాంకు విప్పుతుంటే, ఆ పెట్రోలు వాసనకు సూరత్‌లో మా బడి గేటు గుర్తొచ్చింది.

"మన ఎర్ర బండి తప్ప ఏదీ ఎక్కకు" అనేది అమ్మ. ఒకరోజు నాయిన నన్ను తీసుకెళ్లడానికి నీలం బండి మీద వచ్చాడు.

"గిది ఎదురింటి మామ బండి. నేను ఎక్క."

"మనదే బిడ్డా. మామకు ఎర్ర రంగు కావాల్నంటే పొద్దున ఇద్దరం ట్యాంకులు, పక్కల రేకు డొప్పలు మార్చుకున్నం. రంగే మారింది."

"అబద్ధం!"

సూరత్ పక్కనే ఉన్న సచిన్‌లోని బట్టల మిల్లులో ఆయన షిఫ్టుకు టైమవుతోంది. అయినా కసరలేదు. ఇంజను ఆపి, ఎండలో దిగి నిలబడ్డాడు.

"అయితే జర నంబరు సదువు."

ప్లేటు మీద వేలు పెట్టి ఒక్కో అంకే చదివాను. నాలుగూ మావే.

"ఇగ పోదమా, ఇన్‌స్పెక్టర్ సాబ్?"

ఇప్పటికీ ఏ లెక్కనూ నేను సరిచూడకుండా ఒప్పుకోను. ఆరోజు నాయిన షిఫ్టుకు ఆలస్యంగా వెళ్లాడట. నన్ను మాత్రం తొందరపెట్టలేదు.